వేలు తీస్తే ఆగాలి

ఆయన మూడేళ్ళ పనిని మేనకోడలు మూడు వారాల్లో మింగేసింది. అందులో రెండో మాట లేదు.

సినిమాలు చూపించే యాప్‌ను ఆయన ఒక్కో కంపెనీ టీవీకి విడివిడిగా, ఆ టీవీకి తెలిసిన భాషలోనే రాశాడు. మూడేళ్ళలో నాలుగు రకాల టీవీలు. ఆ తర్వాత అదే ఆఫీసులో చేరిన మేనకోడలు ఆ యాప్‌నే వెబ్ పేజీలా ఒక్కసారి రాసి, పరీక్షగదిలో గోడకు వరసగా తగిలించిన పదకొండు టీవీలకూ ఎక్కించింది. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు మేనేజర్ వచ్చి చూస్తాడు. పదకొండూ నెగ్గితే ఆయన యాప్ తీసేస్తారు. ఒక్కటి తప్పినా ఉంచుతారు.

"మామయ్యా, నీది టీవీకో వంట. నాది అందరికీ ఒకటే పొయ్యి," అంది మేనకోడలు.

"ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టావు. ఎవరి చంకలో చిరుగుతుందో చూద్దాం."

పది టీవీలు నెగ్గాయి. పదకొండోది అన్నిటికన్నా పాతది, అంచు పగిలితే టేపు అంటించారు. ఆమె రిమోట్‌లో కుడి బాణం నొక్కి పట్టుకుంది. ఏ సినిమా మీద ఉన్నామో చూపే పసుపు చట్రం బొమ్మల మీద పరుగెత్తింది. వేలు తీసింది. చట్రం ఆగలేదు. పలుపు తెంపుకున్న దూడలా ఇంకో పన్నెండు సినిమాలు దాటి, వరస చివరికి పోయి నిలబడింది.

"ఇది ముసలిది మామయ్యా. దీనికి ఓపిక లేదు."

"ఆడలేక మద్దెల ఓడందిట."

జబ్బేమిటో ఆయనకు చూడగానే తెలిసింది. బటన్ పట్టుకున్నంతసేపూ రిమోట్ నొక్కు మీద నొక్కు పంపుతూనే ఉంటుంది. మెల్లగా కదిలే టీవీ వాటన్నిటినీ పోగేసుకుని, వేలు తీశాక కూడా ఒక్కొక్కటే తీరుస్తూ పోతుంది. తెలిసీ ఆయన చెప్పలేదు. నోరు మెదపకపోతే చాలు, తన పని బతుకుతుంది. కుర్చీ వెనక్కి జరుపుకుని టీ తాగాడు. చల్లారిపోయింది. అయినా బాగానే ఉంది.

టీవీకి భారం తగ్గాలని ఆమె బొమ్మల కింది నీడలు తీసేసింది. బొమ్మలు చిన్నవి చేసింది. అరగంట గడిచింది. చట్రం దాటిపోతూనే ఉంది. చివరికి విసిగి రిమోట్ ఆయన ఒళ్ళో పడేసింది.

"నువ్వే పెట్టు!"

ఆయన భార్య కూడా ఇలాగే పడేసేది. కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయి, బటన్ మీంచి చప్పున లేచేవి కావు. కావలసిన సినిమా దాటిపోయేది. రెండుసార్లు వెనక్కి తెచ్చేది. మూడోసారి రిమోట్ ఆయన ఒళ్ళో పడేది. "మీరే పెట్టండి." ఆ వారమే ఆయన తమ ఇంటి టీవీ యాప్‌లో రెండు వరసల కోడ్ కలిపాడు. ఆ తర్వాత పోయేదాకా ఆవిడ రిమోట్ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"కూర్చో," అన్నాడు. "చట్రం కదులుతున్నంతసేపూ వచ్చే నొక్కుల్ని దాచకు. పారెయ్. వేలు తీయగానే ఆపెయ్."

"అంతేనా?"

"అంతే. అరగంట నుంచీ అంతే."

"తెలిసీ కూర్చున్నావా? దొంగ మామయ్యా!"

"టీ తాగుతున్నాను."

ఆమె రాసింది. ఆయన బిగుసుకున్న వేలితో నొక్కినట్టు నొక్కి, మెల్లగా తీశాడు. కావలసిన సినిమా మీదే ఆగింది. మిగతా పదింటి ముందూ నిలబడి అలాగే నొక్కాడు. అన్నిట్లోనూ ఆగింది. ఆ రెండు వరసల్ని నాలుగు టీవీలకు ఎక్కించడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో పదకొండింటికీ చేరాయి. కడుపు మండాలి. మండలేదు. అన్నం తిని లేచినట్టు నిండుగా ఉంది.

మూడింటికి మేనేజర్ వచ్చాడు. అన్నీ నొక్కి చూసి తలాడించాడు.

"ఏమంటారు మాస్టారూ? వెబ్బే మేలని ఒప్పుకున్నట్టేనా?"

"అసలు దీన్ని బాగుచేసింది మామయ్యే..." అని మొదలుపెట్టింది మేనకోడలు.

"నువ్వు ఊరుకో," అన్నాడు ఆయన. రిమోట్ తెచ్చి పాత టీవీ కింద పెట్టాడు. "నా మూడేళ్ళ పని పోయింది. మింగింది ఈ పిల్లే. అది మారదు. ఇక ఏది మేలన్న ఊసు నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."