మూతమీద తడి వలయం

దుకాణం తెరిచిననాడు నా వాటాగా చేతిలో ఉన్నవి మూడే. కనుబొమలు తీసుకునే పట్టకారు, గడియారాలు బాగుచేసే మా నాన్న వదిలిపోయిన సన్న స్క్రూడ్రైవరు, ముప్పై గుంటల కోడిగుడ్ల అట్ట. పట్టకారుతో తీగలు పట్టుకునేదాన్ని. ఊడదీసిన మరలు వరస తప్పకుండా అట్ట గుంటల్లో పోసుకునేదాన్ని. మా ఆయన ఎలాదియో చేతిలో ఉన్నవి ఇంకాస్త ఎక్కువ. బోర్డుమీద పేరు, గల్లాపెట్టె, తిరిగే కుర్చీ, వచ్చినవాళ్ళు పిలిచే 'ఇంజినీరు గారూ' అన్న పిలుపు. అతను ఏ కాలేజీలోనూ ఇంజినీరింగు చదవలేదు. నేనూ చదవలేదు. ఆ ఒక్క లెక్కలో ఇద్దరం సమానం.

ఎన్‌కర్నసియోన్ ఊళ్ళో నది ఒడ్డున మేమున్న పల్లపు పేట ఇప్పుడు లేదు. ఆనకట్ట కట్టాక నది పైకొచ్చి వీధికి వీధి నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది. మా కొట్టు ఉన్నచోట ఇప్పుడు పిల్లలు ఈత కొడుతుంటారు. ఒడ్డున నిలబడి చూస్తే నాకు నీళ్ళు కనపడవు. రేకుల కప్పులు, వాటి కింద వేలాడే దుప్పట్లు, వంతెన దాటి అర్జెంటీనా నుంచి పెద్ద పెద్ద సంచులతో వచ్చి బేరాలాడే ఆడవాళ్ళు కనపడతారు. ఎదురుగా చీపా గంప పెట్టుకుని కూర్చునే కసిల్దా కనపడుతుంది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఆ జున్ను రొట్టెల వాసన, నది బురద వాసన, నా సోల్డరింగ్ పొగ కలిసి ఒక వాసన ఉండేది. అది మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నేను కూర్చునేది కొట్టు వెనక, పూలపూల పరదా చాటున. ఆ పరదా కుట్టింది కూడా నేనే.

నా పొద్దు ఇంట్లో మొదలయ్యేది. ఏడు కాకముందే ఐసు పగలగొట్టాలి, పుదీనా, నిమ్మగడ్డి రోట్లో దంచాలి, చన్నీళ్ళు పోసుకుని తాగే ఆకు తేనీరు, తెరెరే కోసం థర్మోస్‌లో ఐసునీళ్ళు నింపాలి. కొమ్ము కప్పు కడగాలి, అందులో ఆకు పోయాలి. ఇంట్లో మా అత్తగారు న్యా ఎవారిస్తాకి ఒక థర్మోస్, కొట్లో మా ఆయనకి ఒకటి. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి కర్రపెండలం ఉడకేసి, ఆవిడకి పెట్టి, మళ్ళీ పరదా వెనక్కి. సాయంత్రంలోగా థర్మోస్ ఇంకో మూడుసార్లు నింపేదాన్ని. మా దేశపు ఎండకి మగవాళ్ళు మాట్లాడినంతసేపూ ఆ కప్పు చేతులు మారుతూ తిరగాలి. తిప్పడానికి ఒకరు నిలబడాలి. ఆ ఒకరు ఎవరో ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఐసు పోసిన థర్మోస్ చుట్టూ చెమట పడుతుంది. ఎక్కడ పెడితే అక్కడ గుండ్రని తడి వలయం మిగులుతుంది. "అమ్మాయ్, చూశావా ఈ మచ్చ? నా పెళ్ళినాటి బల్ల ఇది. ఇంట్లో ఆడది ఉన్నట్టా లేనట్టా?" అనేది మా అత్తగారు. థర్మోస్ అక్కడ పెట్టింది ఆవిడే. తుడవాల్సింది నేను. బల్లమీద, కుట్టు మిషనుమీద, రేడియోమీద, గల్లాపెట్టెమీద పదకొండేళ్ళు ఆ వలయాలు తుడిచాను. అది కూడా ఒక చదువేనని అప్పటికి నాకు తెలియదు.

నీళ్ళు రావడానికి ఏడాది ముందు, కొట్లన్నీ గట్టుమీద కొత్త బజారుకి మార్చడానికి ఆఫీసువాళ్ళు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. నియమం ఒకటే. కొట్లో ఏ వృత్తి చేసేవాళ్ళకి ఆ వృత్తి పేరున ఒక బల్ల. అమ్మేవాళ్ళకి ఒకటి, కుట్టేవాళ్ళకి ఒకటి, బాగుచేసేవాళ్ళకి ఒకటి. మా వీధి రాసుకోవడానికి వచ్చినావిడ పేరు మిర్నా. ముప్పై దాటినట్టుంది, ఎండకి ముక్కుమీద తోలు ఊడిపోయి ఉంది, చంకలో ఎప్పుడూ ఒక లాప్‌టాప్. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇంట్లో కర్రపెండలం చెక్కు తీస్తున్నాను. ఎలాదియో నా గురించి ఏం రాయించాడో నాకు చెప్పలేదు. మరో సంగతి మాత్రం చెప్పాడు.

"కొత్త బజారులో మా మేనల్లుడు రువెన్‌ని మరమ్మతుకి కూర్చోబెడదాం. రాజధానిలో, అసున్సియోన్‌లో ఆర్నెల్లు కోర్సు చేసొచ్చాడు కదా. నువ్వింక అమ్మని చూసుకోవచ్చు. ఎన్నాళ్ళని ఈ పొగలో కూర్చుంటావ్, సునీ?"

జాలిగానే అన్నాడు. అదే నాకు మింగుడుపడలేదు. తిడితే ఎదురు తిట్టొచ్చు. జాలికి ఏం బదులు చెప్తాం?

మిర్నా లాప్‌టాప్ అదే నెలలో మా కొట్టుకొచ్చింది. అందులో వైర్‌లెస్ కార్డు ఒకరోజు లేస్తుంది, మూడురోజులు లేవదు. నెట్ లేకపోతే ఆవిడ రాసుకున్న పేర్లు ఆఫీసుకి వెళ్ళవు. "పొద్దున్నే అసలు లేవదండీ ఇంజినీరు గారూ. నాలుగుసార్లు ఆపి మళ్ళీ పెడితే ఎప్పుడో లేస్తుంది. మా పెద్దాఫీసరేమో నేను పని ఎగ్గొడుతున్నాననుకుంటున్నాడు," అంది. ఎలాదియో ఆన్ చేశాడు. మధ్యాహ్నం రేకుల కింద వేడికి అది చక్కగా లేచింది. "మీ ఇంటి నెట్‌లో లోపం," అని డ్రైవర్ మార్చి పంపాడు. వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలున్నదంతా చెరిపేసి సిస్టమ్ కొత్తగా ఎక్కించాడు. పదిరోజులకి మళ్ళీ వచ్చింది.

ఆ మూడోసారి పరదా సందులోంచి తెర చూశాను. యంత్రం తనలో ఉన్న భాగాలన్నిటినీ వరసగా చూపిస్తోంది. అందులో వైర్‌లెస్ కార్డు పేరే లేదు. పాడైపోయిందని కూడా లేదు. కార్డు ఒకటుందన్న సంగతే దానికి తెలియనట్టు ఉంది.

మిర్నా నీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళినప్పుడు మెల్లగా అన్నాను. "డ్రైవర్ తప్పయితే పేరుండి పక్కన గుర్తు పడుతుంది. పేరే లేదంటే కార్డుకీ అది గుచ్చే గాడికీ సరిగ్గా అంటడం లేదు. ఒకసారి నాకివ్వు."

"గిరాకీ ముందు గొణగొద్దన్నానా? థర్మోస్ ఖాళీ అయింది చూడు," అన్నాడు.

నేను థర్మోస్ నింపుకొచ్చేలోపు, అతను ఆవిడ ఎదుటే అడుగున ఉన్న చిన్న మూత తెరిచి పాత కార్డు తీసి కొత్త కార్డు గుచ్చేశాడు. పెద్ద పనులు పరదా వెనకకి వచ్చేవి. రెండు మరలతో అయిపోయే పనులు అందరూ చూస్తుండగా ముందు జరిగేవి. కొత్త కార్డు నాలుగు రోజులు పనిచేసింది.

అయిదోరోజు పొద్దున్న మిర్నా కొట్టు తీయకముందే గుమ్మంలో నిలబడి ఉంది. ఎలాదియో ఇంకా రాలేదు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపటితో గడువు సరి. మీ వీధివాళ్ళ పేర్లింకా నలభై ఉన్నాయి. వెళ్ళని పేర్లకి బల్లలు రావు. నన్నూ ఉంచరు," అంటూ లాప్‌టాప్ నా చేతిలో పెట్టింది.

పక్కనుంచి పొద్దుటి ఎండ దానిమీద పడింది. మూతమీద ఎడమచేతి వైపు మూలలో గుండ్రంగా, లేతగా, ఒకదానిమీద ఒకటి పడిన వలయాలు. ఆ కొలత నా అరచేతికి తెలుసు. పదకొండేళ్ళు తుడిచిన కొలత.

"థర్మోస్ ఎక్కడ పెడతారమ్మా మీరు?" అన్నాను.

ఆవిడ తెల్లబోయి నవ్వింది. "దీనిమీదే. ఇంకెక్కడ పెట్టను? రోజుకి పన్నెండు కొట్లు, పన్నెండుచోట్లా కప్పు చేతికిస్తారు. వద్దంటే మొహం మాడ్చుకుంటారు. కొట్లలో నాకు బల్లెక్కడిది? ఒళ్ళో ఇది, దీనిమీద థర్మోస్."

"ఇంటికెళ్ళాక?"

"ఇంటి దగ్గరా అంతే. మా ఆయనకి అదే బల్ల." ఒక్క క్షణం ఆగి, "మీ ఇంట్లోనూ అంతేనా?" అంది.

కార్డు గాడి సరిగ్గా ఆ మూల కిందే ఉంది. తిరగేసి అడుగు మూత తెరిచి, నాన్న స్క్రూడ్రైవరుతో మర తిప్పాను, పట్టకారుతో కార్డు పైకి తీశాను. బంగారు రంగు అంచుమీద, గాడి పళ్ళమీద పచ్చగా చిలుము. ఐసు చెమట అంచు సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెం లోపలికి దిగింది. పొద్దున్న ఆ తడికి కార్డు లేవదు, మధ్యాహ్నం వేడికి ఆరి లేస్తుంది. కొత్తది గుచ్చినప్పుడు ఆ రాపిడికి చిలుము కాస్త గీసుకుపోయి నాలుగు రోజులు నడిచింది. ఇన్నాళ్ళూ ఎలాదియో దాని బుర్రలో వెతికాడు. జబ్బేమో ఎవరో నెత్తిన పెట్టిన బరువులో ఉంది.

మా అమ్మాయి బడిసంచీలోంచి రబ్బరు తీసి, ఎలాదియో తీసి పక్కన పడేసిన పాత కార్డు అంచు మెల్లగా రుద్దాను. స్పిరిట్‌లో ముంచిన పళ్ళబ్రష్షుతో గాడి కడిగి, దీపం కింద ఆరబెట్టాను. పాత కార్డే మళ్ళీ పెట్టాను. ఒక్కసారి లేచినంత మాత్రాన నమ్మకూడదు, అలా నమ్మే మూడుసార్లు తిప్పి పంపాం. రోజంతా ఉంచుకుని, మర్నాడు పొద్దున్న కొట్టు చల్లగా ఉన్నప్పుడు ఆపి పెట్టి, ఆపి పెట్టి పన్నెండుసార్లు చూశాను. పన్నెండుసార్లూ లేచింది.

"బాగుపడిందా? మంచిది. పాతకార్డు మంచిదేనని మాత్రం ఆవిడతో అనకు. నన్ను దొంగని చేస్తావా?" అన్నాడు ఎలాదియో.

మిర్నా వచ్చింది. చివరిరోజు. ఎలాదియో కుర్చీ వేయించి, తెరెరే అన్నాడు. నేను కప్పు నింపి నిలబడ్డాను. ఆవిడ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి వచ్చిననాడు రాసుకున్న కాయితం తీసి చదువుతూ ఎక్కించింది. "ఎలాదియో, వృత్తి అమ్మకం, మరమ్మతు. భార్య సునిల్దా, వృత్తి... ఇంటావిడ. ఇదే కదా మీరు చెప్పింది?"

"అదే అదే. ఖాళీ ఉన్నప్పుడు వచ్చి చేతిసాయం చేస్తుంది పాపం."

చేతిలో థర్మోస్ బరువుగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూశాను. గల్లాపెట్టెమీద పెట్టలేదు. నేలమీద పెట్టాను.

"అమ్మకం ఆయనది. మరమ్మతు నాది. అలా రాయండి. నాకు వేరే బల్ల కావాలి. ఇంకొకటి, మీ పాత కార్డు మంచిదే. కొత్తదాని డబ్బు మీకు తిరిగొస్తుంది," అన్నాను.

ఎలాదియో పెద్దగా నవ్వాడు. "ఎండ దెబ్బ తగిలిందే నీకు!" ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి, "ఏంటి సునీ ఇది, పరువు తీస్తావా?" అన్నాడు చిన్న గొంతుతో.

"వృత్తి మార్చాలంటే వీధిలో ఒక సాక్షి చెప్పాలి," అంది మిర్నా నావైపే చూస్తూ.

నేను ఎవర్నీ పిలవలేదు. చీపా గంప అవతలనుంచి కసిల్దాయే అరిచింది. "నా పేరు రాయండి సాక్షిగా! ఆ పరదా వెనక చేతులెవరివో వీధికి తెలియదనుకున్నావా ఎలాదియో? నా రేడియో నువ్వు చేశావా? నీకు రేడియోకి వెనకేదో ముందేదో తెలుసా?"

మిర్నా ఒక మాట చెరిపి ఇంకో మాట కొట్టింది. పంపాలంటే నెట్ కావాలి. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. నావైపు చూడలేదు, నేను చూసుకోవాలని పెట్టిందనుకుంటాను. ముగ్గురం తెర మూల ఉన్న చిన్న గుర్తువైపు చూస్తూ నిలబడ్డాం. బాగుచేసిన వస్తువు ముందు నాకు అంత భయం అంతకుముందెన్నడూ వేయలేదు. లేవకపోతే కాయితమే మిగులుతుంది. కాయితంమీద నేను ఇంటావిడని.

మొదటిసారే లేచింది.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు లెక్క చూసుకుంటే, పోయినవాటిలో ఆ వీధి ఉంది, ఆ వాసన ఉంది, గంపతో సహా వేరే ఊరు వెళ్ళిపోయిన కసిల్దా ఉంది. ఎలాదియో పోలేదు. పక్క బల్లమీద ఫోను కవర్లు అమ్ముతాడు. ఏడాదిపాటు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఒక గిరాకీ 'ఇంజినీరు గారూ' అంటే, "ఆవిడ పక్క బల్ల," అన్నాడు. రువెన్ మళ్ళీ అసున్సియోన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు.

మిగిలినవి చెప్తాను. పట్టకారు ఉంది. నాన్న స్క్రూడ్రైవరు ఉంది. కోడిగుడ్ల అట్ట మారింది, గుంటలు మాత్రం ముప్పయ్యే. బోర్డుమీద నా పేరుంది, కింద మరమ్మతు అని ఉంది. న్యా ఎవారిస్తా కన్నుమూసేముందు తన పెళ్ళినాటి బల్ల ఎవరికీ రాసివ్వలేదు, అందుకని నేను తెచ్చుకున్నాను. దానిమీదే పనిచేస్తాను. చెక్కనిండా వలయాలున్నాయి. వాటిని తుడవడం మానేశాను.