వేళకు టీ ఇచ్చిన చెల్లెలు

ఆ పుస్తకం నా భార్య కష్టం. పేరు వాళ్ళన్నయ్యది. ఇందులో వాదనకేమీ లేదు.

మా బావగారు ఎర్రజెండా చరిత్రకారుడు. మిల్లు కూలీల చరిత్ర రాశాడు. ఇవాళ్టికీ ఆ పార్టీ వాళ్ళు ఏ సభ పెట్టినా ఆయన వాక్యంతోనే మొదలుపెడతారు. మిల్లులో ఆడవాళ్ళు ఆయన ముందు నోరు విప్పేవాళ్ళు కాదు. నా భార్య ఆఫీసులో టైపు పని ముగించుకుని, కుళాయి దగ్గర వాళ్ళతో పాటు బిందె పట్టుకుని నిలబడేది. సమ్మెలో ఎవరు కడుపు మాడ్చుకున్నారో, పురిటి నొప్పులతో ఎవరు మరమగ్గం పక్కనే కూలబడ్డారో విని వచ్చేది. ఆయన గదిలో పచార్లు చేస్తూ చెప్పేవాడు, ఈమె టైపు కొట్టేది. మాట తడుముకున్నప్పుడల్లా "ఆ తర్వాత ఏమైందమ్మా?" అనేవాడు. అప్పటికే ఈమె కొట్టేసి ఉండేది. మధ్యలో లేచి టీ కూడా పెట్టేది.

"ఆడవాళ్ళ చాకిరీని చరిత్ర దాచేసింది." ఇప్పుడు గోడల మీద రాస్తున్న ఆ వాక్యం ఈమె వేళ్ళ మీదుగా వచ్చిందే.

పుస్తకం అచ్చయింది. కృతజ్ఞతల్లో ఆఖరి వరుస: "వేళకు టీ ఇచ్చిన చెల్లెలికి."

చదివి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏమైందని అడిగాను.

"నేనెక్కడున్నానా అని వెతుక్కున్నాను. గ్లాసులో ఉన్నాను."

మర్నాడే వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళి, తన జీతంతో కొన్న టైపు మిషను తెచ్చేసుకుంది. వెనకాలే అన్నగారు దిగాడు.

"ఇంత చిన్న మాటకి అలకేంటే, పిచ్చిదానా?"

"అలక కాదన్నయ్యా. పని ఆపేశాను. మిల్లులో వాళ్ళు ఆపితే దానికి నువ్వేదో పేరు పెట్టావుగా?"

ఆయన తలుపు దగ్గర్నించే వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఇంకో పుస్తకం రాయలేదు. ఉద్యమంలో తీరిక దొరకలేదని పార్టీ వాళ్ళన్నారు. జనం నమ్మారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నిన్న పార్టీ కార్యదర్శి వచ్చాడు. ఆయన పేరున స్మారక మందిరం కడుతున్నారట.

"బాబాయ్, ఆయన టైపు మిషను మీ దగ్గరే ఉందట. అద్దాల పెట్టెలో పెడతాం."

"ఆయనకి టైపు రాదు. అది నా భార్యది. ఆమె పేరు రాసి పెడితే తీసుకుపో."

"ఉద్యమంలో పేర్లదేముంది బాబాయ్!"

"అయితే మందిరం మీద ఆయన పేరు కూడా తీసేయండి."

అతను లేచాడు. నేను టీ ఇవ్వలేదు.

మిషను నా మంచం పక్కనే ఉంది. ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక ఎవరడిగినా నోరు విప్పను.