వాపు రాని మేక

అసిరయ్యది తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. టాటానగర్ లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు ఖలాసీగా చేసి, పోయినేడు రిటైరై, సిద్ధగోరా బస్తీలో ఒక్కడే ఉంటున్నాడు. ఒక్కడే అంటే మనుషుల్లో. పెరట్లో రేకుల పాక కింద ఐదు మేకలుండేవి. అవి భార్య తవిటమ్మవి. ఆవిడ పోయి ఏడాదిన్నరైంది.

ఆ ఐదింటిలో నుదుట తెల్లమచ్చ ఉన్నది చుక్క. పుట్టగానే తల్లి చచ్చిపోతే తవిటమ్మ దాన్ని సీసాపాలతో సాకింది. మిగతా నాలుగూ దాని సంతానమే: ఎదిగిన కూతుళ్లు రెండు, పాలు తాగే పిల్లలు రెండు. పోయే ముందురోజు తవిటమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని, "సుక్కని అమ్మీకు" అంది. అసిరయ్య సరేనన్నాడు. కాపురమంతటిలో ఆవిడ అడిగిందానికి ఆయన మారుమాట లేకుండా సరేనన్నది అదొక్కసారే. అందుకే ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు.

డెబ్భై ఎనిమిది వానాకాలంలో చుక్క చిక్కిపోవడం మొదలైంది. మేతకేం లోటు లేదు, పనసాకు వేస్తే ఈనెతో సహా తినేసేది. అయినా వెన్ను బయటికొచ్చింది, దవడ కింద నీరు దిగింది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఛప్రా వైపు మనిషి, నెమ్మదస్తుడు. పెద్దవి మూడింటికీ మెడ పక్కన అరచేయంత మేర వెంట్రుకలు గొరిగి, చర్మంలోకి సన్నటి సూది వేశాడు. చుక్క పెంటికలు కొన్ని సీసాలో వేసుకున్నాడు. పేగుల్లో ఏళ్లతరబడి దాక్కునే జబ్బేమోనని అనుమానమనీ, మూడో రోజు వచ్చి సూది వేసిన చోటు కొలుస్తాననీ, అంతవరకు ఏమీ చెయ్యొద్దనీ హిందీలో చెప్పాడు. వాపు వస్తే ఏమిటని అసిరయ్య అడిగాడు. ఆ క్రిమి ఒంట్లోకి వెళ్లినట్టని చెప్పి, మిగతాది వచ్చాక చెబుతానని జీపెక్కాడు.

మూడో రోజు వాన. నాలుగో రోజూ వానే, స్వర్ణరేఖ నది పొంగింది, డాక్టరు రాలేదు. ఇక మనవాడు ఆగుతాడా? తానే చెయ్యి పెట్టి చూశాడు. కూతుళ్లు రెండింటికీ కుంకుడుకాయంత గట్టి వాపు. ముట్టుకోబోతే గింజుకుని తన్నాయి. చుక్క మెడ మాత్రం నున్నగా ఉంది. ఎంత నొక్కినా కిక్కురుమనలేదు. అసిరయ్యకి ప్రాణం లేచొచ్చింది.

పక్కింటి జగదాంబ, తవిటమ్మని వొదినా అంటూ కూడా తిరిగిన మనిషి, గోడ మీంచి చూస్తూనే ఉంది.

"డాట్రుబాబు వచ్చేదాకా ఆగన్నియ్యా."

"ఆగితే ఈటి రోగం సుక్కకి అంటుకుంటాది. కళ్లకి కనపడతంది కదేటి?"

ఆ సాయంత్రమే వాపొచ్చిన రెండింటినీ జుగ్సలాయి కసాయికి అప్పగించి వచ్చాడు. పిల్లలు చుక్క పొదుగు దగ్గరే ఉండిపోయాయి. భార్యకిచ్చిన మాట నిలబెట్టానని ఆ పూట తృప్తిగా అన్నం తిన్నాడు.

డాక్టరు ఎనిమిదో రోజున వచ్చాడు. పాకలో రెండు తగ్గాయేమని అడిగితే అసిరయ్య కాస్త గొప్పగానే చెప్పాడు. డాక్టరు టోపీ తీసి ఇటుకల మీద కూర్చున్నాడు.

"వాపంటే ఒళ్లు ఎదురు తిరగడం. సూదిలో ఉన్నది చచ్చిన ఆ క్రిమి తాలూకు సారం. ఒంట్లో కాపలా ఉంటే దాన్ని గుర్తుపట్టి అక్కడికి పరుగెత్తుకొస్తుంది. ఆ రెండూ జబ్బుతో పోరాడుతున్నాయి. విడిగా కట్టి చూసుకుంటే ఏళ్లు బతికేవేమో."

"మరి చుక్క?" అన్నాడు అసిరయ్య.

"దీని పెంటికల్లో క్రిములు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మొదట్లో దీనికీ వాపు వచ్చేదే. పోరాడి పోరాడి ఒళ్లు మానేసింది. ఇప్పుడు సూది వేసినా పలకదు."

మందు లేదన్నాడు. ఒక నెల, మహా అయితే రెండు అన్నాడు. పిల్లల్ని వెంటనే వేరు చెయ్యమన్నాడు గాని, ఇన్నాళ్లూ పాలతోపాటు అవి ఏం తాగాయో తాను చెప్పలేనన్నాడు.

అసిరయ్య పిల్లలు రెండింటినీ జగదాంబ పెరట్లో కట్టేసి వచ్చాడు. అవి ఒకటే అరుపు. చుక్క అటు తల కూడా తిప్పలేదు. అది చూశాక ఆయన పాక గుంజకి చేరగిలబడి కూర్చున్నాడు.

తవిటమ్మ నోరు బస్తీ మొత్తం ఎరుగును. కడుపులో నొప్పి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని రోజూ పోరు పెట్టేది. ఆయన డ్యూటీ అన్నాడు, లీవు లేదన్నాడు, వాము నమలమన్నాడు. అలా ఏడాది గడిచింది. ఒక దసరా వెళ్లాక ఆవిడ అడగడం మానేసింది. పోట్లాట కూడా మానేసింది. పెళ్లయ్యాక ఇంట్లో అంత శాంతి ఆయనెప్పుడూ ఎరగడు. మా ఇంటిది దారికొచ్చిందని షెడ్డులో నవ్వుతూ చెప్పుకున్నాడు కూడా. నొప్పి తగ్గిందనే అనుకున్నాడు. ఉంటే అడగదా? అడగందే అమ్మైనా పెట్టదు కదా. చివరికి ఆసుపత్రికి మోసుకెళ్తే, ఇప్పుడా తెచ్చేది అని అక్కడివాళ్లు తిట్టారు.

అసిరయ్య లేచి గోడ దగ్గరికి నడిచాడు. జగదాంబ మేకపిల్లలకి నీళ్లు పెడుతోంది.

"జగదాంబా, మీ వొదినికి ఆ నొప్పి మద్దిలో కొన్నాళ్లు తగ్గినాది కదా?"

ఆవిడ తలెత్తలేదు.

"తగ్గడమేటన్నియ్యా. ఒక్క పూటా తగ్గనేదు. సెప్పి సెప్పి అలిసిపోనానే అన్నాది."

"మరి నువ్వైనా నాతో ఓ మాట సెప్పనేదేటి?"

"వద్దని ఒట్టేయించుకున్నాది. ఆయన ఇన్నాళ్లకి సంతోసంగా ఉన్నాడే, ఉండనీ అన్నాది."

అసిరయ్య వెనక్కి తిరిగి పాకలోకి వచ్చాడు. చుక్క మెడ మీద గొరిగినచోట బొటనవేలు పెట్టి, గోరు దిగేలా నొక్కాడు.

"తన్నవే," అన్నాడు. "ఓపాలి తన్నవే, సుక్కా."

చుక్క కదలకుండా పనసాకు నములుతూ నిలబడింది.