మేస్త్రీ ఉత్తరాల ఫోల్డరు

ఆ ఆసుపత్రిలో ఉత్తరాలన్నీ కంప్యూటర్లోకి చేరి ఇరవై రెండేళ్ళయింది. వాటిని సర్దిపెట్టే ఆవిడను వెనకాల అందరూ ఫైళ్ళత్తగారంటారు. ఫోల్డర్లో ఫోల్డరు, దాని కడుపులో ఇంకోటి, మొత్తం మూడువేల పైచిలుకు. ఉల్లిపాయ ఒలిచినట్టుంది పిన్నిగారూ, ఏమీ దొరక్కముందే కళ్ళనీళ్ళొస్తున్నాయని కొత్త ఇంజనీరు ఒకసారి నవ్వాడు.

ఆ ఇంజనీరే ఇవాళ పొద్దున మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు. నేలమాళిగలో పెద్ద పైపు పగిలింది. నీళ్ళు కరెంటు గదివైపు పాకుతున్నాయి. అరగంటలో ఆపకపోతే ఆపరేషన్ గదులకు కరెంటు తీసేయాల్సిందే. పటంలో చూపించిన చోట వాల్వు లేదు. అసలు చోటు తెలిసింది పాత ప్లంబింగు మేస్త్రీకొక్కడికే. ఆయన పని మానేసి కూతురి ఊరు వెళ్ళి ఏడాది కావస్తోంది. పాత నంబరు పలకడం లేదు.

"ఆయన ఉత్తరాల ఫోల్డరు తీయండి పిన్నిగారూ. అన్నీ అందులో రాసేవారటగా."

 మేస్త్రీ వెళ్ళిన వారం ఆవిడ ఏదో సర్దుతుంటే మౌసు జారింది. మర్నాడు చూస్తే ఆ ఫోల్డరు లేదు. చెరిపేశాననుకుంది. వెతికాక నిజంగానే లేదని తేలితే? ఆ భయానికి వెతకనే లేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. పైగా, ఇన్నేళ్ళు చెల్లెమ్మా అని పిలిచిన మనిషి వెళ్ళాక ఒక్క ముక్క రాయలేదని మనసులో కష్టం.

ఇవాళ చెప్పక తప్పలేదు. ఇంజనీరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

మేస్త్రీ పేరు కొడితే వేలకు వేలు వచ్చిపడ్డాయి. మరమ్మతు కాగితాలన్నిటి మీదా ఆయన పేరే. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన ఏ వాల్వునూ బిగుసుకుపోయిందనేవాడు కాదు, అలిగిందనేవాడు. ఆ మాట కొట్టింది. నలభై ఉత్తరాలు మిగిలాయి. ఒకటి తెరిచి, అది ఎక్కడుందో చూసింది. క్యాంటీను, అందులో పాత్రల కొనుగోలు, అందులో మేస్త్రీ. చెరిగిపోలేదు, జారి పక్కింట్లో పడిందంతే.

వాల్వు దుప్పట్ల గదిలో బీరువా వెనకాల ఉందని మూడేళ్ళనాటి ఉత్తరం చెప్పింది. ఇంజనీరు పరుగెత్తాడు.

అప్పుడు చూసింది, ఫోల్డరు పక్కన నాలుగు అంకె. చదవని ఉత్తరాలు. మేస్త్రీ దగ్గర్నుంచి ఏది వచ్చినా నేరుగా ఆ ఫోల్డర్లోకే వెళ్ళేట్టు ఎప్పుడో ఏర్పాటు చేసింది ఆవిడే. మొదటిదాంట్లో కొత్త నంబరు. రెండోదాంట్లో కూతురింటి కొళాయిల మీద చాడీలు. మూడోదాంట్లో, నావల్ల ఏమైనా తప్పు జరిగిందా చెల్లెమ్మా అని. నాలుగోది ఎనిమిది నెలల కిందటిది, ఒకటే వాక్యం: ఇక విసిగించను.

బల్లమీద ఫోను మోగింది. వాల్వు దొరికిందిట, ఇద్దరు పట్టినా కదలడం లేదుట. ఎటు తిప్పాలో రాశారా?

రాయలేదు. ఆ ఫోను పెట్టకుండానే, తన సెల్లులో కొత్త నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక తెలిసిన గొంతు ఎవరని అడిగింది. చెప్పుకోవాల్సిన సంజాయిషీ అంతా పక్కన పెట్టింది.

"అన్నయ్యా, దుప్పట్ల గది వాల్వు ఎటు తిప్పాలి?"



"ఎడమకి. తిరకాసుది అది. అందరూ కుడికే తిప్పుతారు." అన్నాడు మేస్త్రీ. "నీళ్ళు ఆగేదాకా ఫోను పెట్టేయకమ్మా."

ఎడమకని ఆవిడ బల్లమీది ఫోనులో చెప్పింది. రెండు నిమిషాలకు ఇంజనీరు, ఆగాయి పిన్నిగారూ అన్నాడు.

ఆ సంగతి ఆవిడ సెల్లులో అన్నయ్యకు వెంటనే చెప్పలేదు.