తెగని దసరా తాడు

రమ పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దింది, అత్త లసుమవ్వకు జొన్నరొట్టె చేసింది, భర్త జగదీశ్ విడిచి పడేసిన బనీను బాత్రూంలోంచి ఏరి బకెట్లో వేసింది. కూర దించి చీర మార్చుకుంటుంటే, అప్పటిదాకా చాయ్ గ్లాసు కూడా కడగని జగదీశ్ ఆమెకు ఉద్యోగం ఎలా చేయాలో చెప్పాడు.

"ఇయ్యాల కోరుట్ల దవాఖానకేనా? ఆ డాక్టర్ మనోడే, నాతోని సదువుకున్నడు. కుర్సీల కూసొని, చాయ్ తాగి, అంత మంచిగుందని రాసి రా. ఎక్కువ చెయ్యకు."

రమ జిల్లా తనిఖీ బృందంలో నర్సు. ప్రైవేటు దవాఖానాల్లో ఆపరేషన్ గదులు రోగికి క్షేమంగా ఉన్నాయో లేదో చూడటం ఆమె పని. ఇంట్లో మాత్రం అది బయట తిరిగొచ్చే పని.

లసుమవ్వ మంచం మీంచి అందుకుంది. "మన భాగ్యకు కాన్పు చేసిన దేవుడాయన. కుట్లు చీము వట్టుడు ఆయన తప్పా? ఇంట్ల నీళ్లు సక్కగ కాగవెడితె గట్లయితుండెనా?"

ఈ మాట రమకు కొత్త కాదు. కార్తీక పున్నమికి ఆడబిడ్డ భాగ్యశ్రీకి ఆ దవాఖానలోనే పెద్దాపరేషన్ అయింది. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ డ్యూటీకి ముందూ, డ్యూటీ నుంచి వచ్చాకా కాచిన నీళ్లతో ఒళ్లు తుడిచింది రమ. కుట్లు చీము పట్టి భాగ్య మూలుగుతుంటే ఆ గుడ్డలు ఉడకబెట్టి ఉతికింది రమ. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టానికీ లసుమవ్వ చెప్పింది మాత్రం కోడలు నీళ్లు సరిగ్గా కాచలేదనే. "దవాఖానల నర్సువు, ఇంట్ల మనిషికి చేసుడు రాదా?" అన్నాడు జగదీశ్, అన్నం కలుపుకుంటూ. పది నోళ్లు ఒకటే మాట అంటే ఆడదాని మనసు ఎంత పిచ్చిదో చూడండి, రమకే అనుమానం పట్టుకుంది. నిజంగానే తొందరలో గోరువెచ్చగా ఉండగానే దించేశానా? శివరాత్రి దగ్గర పడుతున్నా స్టవ్ మీద గిన్నె పెట్టినప్పుడల్లా ఆ ప్రశ్న ఆమెలో ఉడుకుతూనే ఉంది.

జగిత్యాలలో బండి ఎక్కగానే, డాక్టర్ తన భర్త దోస్తని తనిఖీ బృందం పెద్దసారుకు చెప్పింది. "దాచలే గదమ్మా. చూసింది చూసినట్టు చెప్పు, చాలు" అన్నాడాయన.

కోరుట్లలో డాక్టర్ గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "రా వదినా, రా! మీ ఇల్లే అనుకో" అని అందరి ముందూ నవ్వాడు.

"ఈడ నేను వదినను గాదు సార్. తనిఖీకొచ్చిన," అంది రమ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

దవాఖాన పెళ్లిల్లులా తయారై ఉంది. ఫినాయిలు వాసన, కొత్త దుప్పట్లు, మడత విప్పని పరదాలు. వరండా బల్ల మీద వెల్గటూర్ నుంచి వచ్చిన ఒక నిండు చూలాలు ఆకుపచ్చ గౌనులో కూర్చుని ఉంది. మధ్యాహ్నం ఆపరేషనట. "అక్కా, శాన నొస్తదా?" అని అడిగింది. రమ ఆమె భుజం నిమిరి లోపలికి వెళ్లింది.

ఆపరేషన్ గది మూలలో, కత్తులూ కత్తెరలూ ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసే యంత్రం మెరిసిపోతోంది. మెరిసే ఆ మూత మీద పసుపు, కుంకుమ బొట్లు. మూత పిడినీ కింది డబ్బానీ కలిపి చుట్టిన పసుపు తాడు. దానికి ఎండి నల్లబడిన బంతిపువ్వు ఒకటి.

రమ పుట్టిల్లు సిరిసిల్ల. దసరాకు వాళ్ల బాపు నర్సయ్య సాంచెలకు, అంటే మరమగ్గాలకు, పూజ చేసి ఇలాగే తాడు కట్టేవాడు. మళ్లీ మగ్గం నడవాలంటే ముందు ఆ తాడు తెంపాల్సిందే. ఇక్కడ తుడిచినవాళ్లు అంతా తుడిచి, పూజ బొట్టు చెరిపితే పాపమని దాని చుట్టూ తుడిచారు. తాడును ముట్టుకోనేలేదు.

"ఇసొంటిది ఇంకోటున్నదా?" అని అక్కడి నర్సు పుష్పను అడిగింది రమ.

"గిదొక్కటే, అక్కా." పుష్ప తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "దసరాకు ముందే కాలిపోయింది. సార్‌కు చెప్పిన. నీ పని నువ్వు చేస్కో అన్నడు. వేడినీళ్లల్ల ముంచి తీస్తున్నం."

"కార్తీక పున్నమప్పుడు సుత?"

పుష్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. "అప్పుడు సుత, అక్కా."

 రమకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తన మీద తాను పడ్డ కోపం ఇప్పుడు సరైన చోటికి మళ్లింది.

రమ తాడు దగ్గరే నిలబడిపోవడం చూసి డాక్టర్ కత్తెరతో పరుగెత్తుకొచ్చాడు. "ఏంది వదినా, దేవుని తాడుకు గింత రాద్ధాంతమా? ఇప్పుడే తెంపుత!"

"ముట్టకుండ్రి" అంది రమ. తాడును, బొట్లను ఫోటో తీసింది. పెద్దసారును పిలిచి చూపించింది. వెల్గటూర్ పిల్లను అంబులెన్సులో జగిత్యాల పెద్ద దవాఖానకు పంపించి, ఆ బండి గేటు దాటేదాకా నిలబడి చూసింది. ఆపరేషన్ గది మూసేయాలని పెద్దసారుతో పాటు తానూ సంతకం పెట్టింది. పుష్ప నంబరు తీసుకుంది, తన నంబరు ఇచ్చింది.

అంతలోనే జగదీశ్ ఫోను. అన్నానికి ఇంటికి వచ్చినట్టున్నాడు, వెనక లసుమవ్వ దగ్గు వినిపిస్తోంది.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే! పో, మాట మార్చి రాయి. లేకుంటె ఇంటికి రాకు!"

"ఇల్లు నాది సుత. వస్త. ఫోను అత్తమ్మకియ్యి."

అటువైపు గొణుగుడు, తర్వాత ముసలి గొంతు. "ఏందే?"

"అత్తమ్మా, నేను నీళ్లు సక్కగనే కాగవెట్టిన. కాగవెట్టనిది నీ దేవుడు."