ఇద్దరితోనూ మీ పిల్లే అన్నాను

"రెండు చోట్లా సీటొచ్చిందంటే అందులో ఒకటి దాన్ని మింగేసేదే అయ్యుంటుంది," అని పైకే అనేశాను. వినడానికి పక్కన ఎవరూ లేరు. పొగపొయ్యి మీద చేపలు పరిచిన జల్లెడ పలకలు కిందవి పైకీ, పైవి కిందికీ మారుస్తున్నాను. నాకు మంచి కబురు వస్తే సంతోషం కంటే ముందు భయం వస్తుంది.

నా కూతురు ఆరబాకి మెకానికల్ ఇంజినీరింగ్‌లో కుమాసీలోనూ సీటొచ్చింది, రాజధాని అక్రాలోనూ వచ్చింది. కుమాసీలో పాత పెద్ద వర్క్‌షాపులున్నాయి, మొదటి ఏడే ఇంజిన్ విప్పిస్తారు. అక్రాలో కొత్త ల్యాబులు, క్లాసులో కొద్దిమందే, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తారు. ఏది తీసుకున్నా తప్పు లేదమ్మా అంది వాళ్ళ టీచరు. ఆ మాటతో నా భయం రెట్టింపయింది. కుమాసీ దారిలో బస్సులు బోల్తా పడతాయి. అక్రాలో వాన పడితే మురుగుకాలువలు మనుషుల్ని లాక్కెళ్ళిపోతాయి. శుక్రవారంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి.

తప్పు చేసింది మాత్రం నేనే. ఇలాంటి కబురు వస్తే రెండు వైపుల పెద్దలకీ చెప్పుకోవాలి. మా ఫాంటీ జాతిలో బిడ్డ తల్లి వంశానిది, పేరు పెట్టే హక్కు మాత్రం తండ్రిది. అక్రాలో ఉండే మా అన్న కోబినా చావింటికని మా ఊరు సాల్ట్‌పాండ్ వస్తే, ఆచారం ప్రకారం మందు సీసా పట్టుకెళ్ళి "అన్నా, అది నీ పిల్లే" అన్నాను. కుమాసీలో ఉండే మా ఆడపడుచు ఎఫ్వాకి ఫోన్ చేసి "వదినా, అది నీ పిల్లే" అన్నాను. మర్యాదకి అందరూ అనేదే. నా పిల్ల అని ఏ తల్లి అంటుంది? ఇద్దరూ మురిసిపోయారు. ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటుంది అన్నారు. ఊళ్ళో అయినవాళ్ళ ఇల్లుండగా ఆడపిల్లని హాస్టల్లో పెడితే ఆ ఇంటి మొహాన ఉమ్మేసినట్టే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అన్నా, ఆరబా నాన్నా మా వసారాలో కూర్చున్నారు. నేను మొక్కజొన్న పిండి కెంకీ ముద్దల పొట్టు విప్పి, చేపలు వేసి పెడుతున్నాను. నా భర్త ఎసుమాన్, వాళ్ళక్క మాటలు అందరికీ వినబడేలా ఫోన్ బల్ల మీద పెట్టాడు. అక్క ఇల్లుండగా నా కూతురు అక్రాలో ఎవరి పంచనో పడుండటమేమిటి అన్నాడు.

"పంచేమిటి బావా, మేనమామ ఇల్లు," అన్నాడు మా అన్న. "పేరు పెట్టావు, చాలా సంతోషం. మంచి పేరే పెట్టావు."

ఇద్దరూ నవ్వారు. ఫోన్లోంచి మా వదిన అందుకుంది. "నేనేం పని చెప్తానమ్మా దానికి? పొద్దున కాస్త కర్రపెండలం దంచి ఫుఫూ చేసి, నా కాళ్ళకి కాస్త కాపడం పెట్టి వెళితే చాలు. మిగతా రోజంతా దానిదే." మా అన్న కూడా అంతే. వాళ్ళావిడ మార్కెట్‌కి పోయినప్పుడు కవలల్ని కాస్త చూసుకుంటే సరిపోతుందట.

ఆ కాస్త నాకు తెలుసు. నన్నూ పన్నెండేళ్ళప్పుడు చదువుకోవడానికనే టకోరాడీలో పిన్ని ఇంటికి పంపారు. లేస్తే నీళ్ళు, ఊడ్పు, అంట్లు. తర్వాత నెత్తిన బేసిన్ పెట్టుకుని వీధుల్లో ఐసు నీళ్ళ అమ్మకం. ఆ తర్వాత బడి. బెంచీ మీద కూర్చోగానే కళ్ళు మూతలు పడేవి. మొద్దు పిల్ల అని ఇంటికి రాసి పంపారు. మొద్దుని కాదు, నిద్ర చాల్లేదని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ్టికీ అక్షరం అక్షరం కూడబలుక్కునే చదువుతాను. పిన్ని చెడ్డదేం కాదు. కాస్తే చెప్పింది, రోజూ చెప్పింది.

చేపల గిన్నె కింద పెట్టి, హాస్టల్ అన్నాను. ఒక్క మాటే.

"హాస్టలా? నువ్వే హాస్టల్లో ఉండి చదివావేం?" అన్నాడు ఎసుమాన్.

"చెల్లీ, నా పిల్ల అని నువ్వే కదా అన్నావు," అన్నాడు మా అన్న.

"నాతోనూ అందిగా," అంది ఫోను.

మగవాళ్ళిద్దరూ నా వైపు చూశారు. చేపలు ఇంకొంచెం వెయ్యనా అని అడిగాను. ఏ ఇల్లో తేల్చుకోకుండానే ఇద్దరూ తిన్నారు. పెరట్లోనే ఉన్న ఆరబాని ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదని అప్పుడే తోచింది. సీటొచ్చిన రోజు నుంచి బస్సుల్ని తలుచుకున్నాను, కాలువల్ని తలుచుకున్నాను, దాన్ని మాత్రం అడగలేదు.

వాళ్ళు లేచాక పెరట్లోకి వెళ్ళాను. అది పీట మీద కూర్చుని వాళ్ళ నాన్న చర్చి చొక్కాలు ఉతుకుతోంది. "నీకు ఏది కావాలే?" అన్నాను. చొక్కా మెడపట్టీ రుద్దింది, తిప్పి మళ్ళీ రుద్దింది. నీళ్ళు పారబోసి కొత్తవి పట్టింది. ఇంజిన్లంటుందో ల్యాబులంటుందో, ఏది అంటే దానికోసం ఈ ఒక్కసారి కొట్లాడదామని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. రెండో చొక్కా కూడా పిండి తీగ మీద వేసింది.

"ఎఫ్వా అత్త ఇంట్లో తొమ్మిదిమంది బట్టలమ్మా," అంది చివరికి. "కోబినా మామయ్య ఇంట్లో కవలలతో కలిపి ఆరుగురివి. ఆరుగురివైతే ఉతికి కూడా పాసవుతాను."