నీటిమట్టం గడి

ఆ గురువారం పొద్దున తొమ్మిది కాకముందే ఆఫీసు ఫోను మోగింది. జివ్కా అక్క తీసింది. కాసేపు విని, ఫోనును అరచేత్తో మూసి నావైపు తిరిగింది.

"అసెన్, ఒకాయన డాన్యూబ్ కనిపించడం లేదంటున్నాడు. ఎవరెత్తుకుపోయారో చూడు."

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా ఊరు విదిన్‌లో మా వార్తల సైటు తెరిచేవాళ్లలో సగం మంది ముందు చూసేది నీటిమట్టం. జివ్కా అక్క రోజూ ఆఫీసుకి వస్తూ రేవు దగ్గర ఆగి, రాతిగోడ మీది కొలబద్దలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి వస్తుంది. ఆ అంకెను మొదటి పేజీలో ఒక చిన్న గడిలో నేను పెడతాను. పడవలున్నవాళ్లు, ఒడ్డున కూరమళ్లు వేసుకున్నవాళ్లు దాని కోసమే వస్తారు. మేయరు ఏమన్నాడో తర్వాత చదువుతారు, ఓపికుంటే.

నా తెర మీద గడి ఉంది, అంకె ఉంది. కానీ మొదటి ఫోనుకే నాకు అర్థమైంది. తొమ్మిదిన్నర లోపు ఇంకో నలుగురు చేశారు.

మా ఆఫీసులో మూడే బల్లలు. ఒకటి సైటు నడిపే కలోయన్ అన్నది. ఒకటి నాది, యాడ్లు పెట్టేదీ సైటు చెడిపోతే బాగుచేసేదీ నేనే. మూడోది జివ్కా అక్కది, వార్తలన్నీ ఆమే రాస్తుంది. పింఛనుకి ఆమెకి ఇంకా రెండేళ్ల ఉద్యోగం కావాలి. కిందటి సోమవారం కలోయన్ అన్న మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"అందరూ చదువుతారు. యాడ్ మాత్రం ఒక్కడూ చూడడు. ప్రతివాడి దగ్గరా యాడ్లని ఆపే బ్లాకరే. ఇక గాలి తిని రాస్తావా జివ్కా?"

"నేను ఎప్పట్నుంచో గాలే తింటున్నాను. బనిత్సా రొట్టె తినేది నువ్వు."

అతను నవ్వి, గడ్డం మీది రొట్టెపొడి దులుపుకున్నాడు. తర్వాత తన ఉపాయం చెప్పాడు. కీళ్లనొప్పుల మందువాళ్ల యాడ్‌ని నీటిమట్టం గడిలోనే పెట్టాలి. అది యాడ్ అని బ్లాకర్ పోల్చుకోలేదు. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి మొదలు. నెల తిరిగేసరికి మందువాళ్లు చాలినంతమంది చూశారని ఒప్పుకోకపోతే ఒక బల్ల ఖాళీ అవుతుంది. ఏ బల్లో అతను చెప్పలేదు. ముగ్గురం ఒకే బల్లవైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడ్డాం.

యాడ్‌కి చోటు పెట్టి గడిని మళ్లీ కట్టింది నేను. బుధవారం సాయంత్రం ఇంటికెళ్లి దాన్ని ఆపే వరుస రాసిందీ నేనే.

ఏ సైటులో ఏది ఆపాలో బ్లాకర్‌కి చెప్పే జాబితా ఒకటి ఉంటుంది, వరుసకొక ఆదేశం. మా భాష సైట్ల జాబితాని కొందరు జీతం లేకుండా చూసుకుంటారు. అందులో నేనొకణ్ని, ముళ్లపంది అనే పేరుతో. ఆరేళ్ల కింద, చూపు తగ్గిన మా నాన్న మా సైటులోనే చావు కబుర్ల పేజీ చదవబోయి, ఎగిరిపడే యాడ్ బొమ్మల మధ్య స్నేహితుడి పేరు వెతుక్కోలేక కంప్యూటర్ మూసేశాడు. ఆ బొమ్మలు పెట్టింది నేనే. ఆ రాత్రి మొదటి వరుస రాశాను. నాన్న పోయాడు. నేను మానలేదు. పగలు పెట్టినదాన్ని సాయంత్రం తీసేస్తే రెండూ కొట్టుకుపోయి నాకు ఏ మచ్చా మిగలదని నమ్మినట్టున్నాను. బుధవారం కూడా ఆలోచించి రాయలేదు. చెయ్యి అలవాటుగా రాసేసింది. రాస్తున్నప్పుడు జివ్కా అక్క మొహం గుర్తొచ్చిందా అని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. గుర్తొచ్చింది. అయినా రాశాను. అదే భయం.

యాడ్ ఇంకా రాకముందే, బ్లాకర్ ఉన్నవాళ్ల తెరల మీద దాని చోటు మాయమైంది. దాంతోపాటు నదీ మాయమైంది.

పదింటికి కలోయన్ అన్న వచ్చి సంగతి విని, ఎవరైనా తెరవగల ఆ జాబితా చూసి తొడ చరిచాడు. "వీడెవడో ముళ్లపందట! జాబితాలో చూశాను. రాకముందే వాసన పట్టాడు, కుక్కముక్కు వెధవ! అసెన్, వాణ్ని కనిపెట్టరా." మందువాళ్లకి ఫోను చేయడానికి బయటికి పోయాడు.

జివ్కా అక్క నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"యాడ్ మధ్యాహ్నం కదా. నది పొద్దున్నే ఎందుకు పోయింది?"

నేను కలోయన్ అన్న వెళ్లిన తలుపువైపు చూశాను.

"ముగ్గురికే తెలుసు. కలోయన్‌కి ఫోనులో అలారం పెట్టుకోవడం కూడా రాదు. నేను కాదు." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపింది. "ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు."

"నా కంప్యూటర్లో పెట్టావే, కళ్లకి హాయిగా ఉంటుందని. అదేనా?"

"అదే."

"అంటే ఆరేళ్లుగా నా కూటికి నేనే అడ్డం పడుతున్నానన్నమాట."

"కలోయన్ అన్నకి చెప్పేస్తాను, అక్కా."

"చెప్పి? నిన్ను గెంటేస్తాడు. తర్వాత ఈ సైటు చెడిపోతే ఎవడు బాగుచేస్తాడు, నేనా? నువ్వు ముందు, నీ వెనకాలే నేను. పాపం కడుక్కోవాలని ఉంటే రెండేళ్లాగు. నోరు మూసుకుని అది తీసెయ్."

శిక్ష కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆ తలుపు కూడా ఆమే మూసేసింది.

తీసేశాను. పన్నెండుకి యాడ్ వచ్చింది. నాలుగువందల పన్నెండు సెంటీమీటర్లు అన్న అంకె కింద ఒక ముసలావిడ మెరిసే మోకాళ్లతో గెంతుతోంది. ఫోన్లు ఆగిపోయాయి.

నాలుగింటికి జాబితా నుంచి నాకు కబురొచ్చింది. ప్లోవ్దివ్‌లో ఉండే నాలాగే జాబితా చూసుకునే ఇంకొకడు, అక్కడి పేరు కొంగ. మొహాలు చూసుకోలేదు గానీ ఆరేళ్ల స్నేహం. "పొరపాటున తీసేసినట్టున్నావు. ఆ గడిలో యాడ్ ఉందని ఫిర్యాదు వచ్చింది. ఆ వరుస తిరిగి పెట్టేశాను. ఒంట్లో బాగుందా?"

వెంటనే ఫోను మోగింది. జివ్కా అక్క విని పెట్టేసింది. నావైపు చూసి, తన బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఊరికే తీస్తే కొంగ మళ్లీ పెడతాడు. కారణం చెప్పాలి. అక్కడ రాసింది ఎవరైనా చదవొచ్చు, కలోయన్ అన్న చదువుతూనే ఉన్నాడు. నిజం రాస్తే ఆమె బల్ల పోతుంది. మిగిలింది ఒక్కటే. రాశాను: "ఆ గడిలో యాడ్ లేదు, నీటిమట్టం మాత్రమే. ఫిర్యాదు తప్పు. నేను స్వయంగా చూశాను."

ఆరేళ్లలో ముళ్లపంది ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. ఎవరూ డబ్బివ్వని ఆ పనిలో నాకంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "నువ్వు చూశావంటే చాలు, నేను చూడక్కర్లేదు. తీసేశాను. ఇకమీద ఆ సైటు మీద వచ్చే ఫిర్యాదులన్నీ నీకే పంపిస్తా. నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

మర్నాడు ఉదయానికి తొమ్మిది ఫిర్యాదులు ఉన్నాయి. అన్నీ గడి గురించే. ఒకాయన ఫోటో కూడా పెట్టాడు, మోకాళ్ల చుట్టూ ఎర్రసున్నా చుట్టి. ఒక్కొక్కటీ తెరిచి "యాడ్ లేదు" అని రాసి మూస్తున్నాను.

జివ్కా అక్క వచ్చింది. బూట్లకి ఒడ్డు బురద. కోటు విప్పకుండానే నా వెనక నిలబడి ఒక ఫిర్యాదు చదివింది.

"నాలుగువందల ఏడు" అంది. "తగ్గుతోంది."

అంకె మార్చాను.